చర్మ నిర్మాణము – సామాన్య చర్మవ్యాధులు

(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యను గుఱించియు, ఉద్యోగములను గుఱించియు, విద్యార్థి వసతిగృహమును గుఱించియు పెద్దలు విపులముగ ప్రసంగించి యున్నారు. నాకు కేటాయింపబడిన విషయము వానితో పోల్చిన చిన్నదిగ తోచవచ్చును. కాని యోచించి చూచినచో మన నాయీబ్రాహ్మణులకు చర్మముకన్న దగ్గఱి విషయము మఱియొకటి లేదు. సాలెవానికి నూలెట్టిదో, కుమ్మరికి మన్నెట్టిదో, మనకు చర్మమట్టిది. మన చేతి కత్తి నిత్యము నడచునది దానిమీదనే. పూర్వము గ్రామములలో కురుపు కోయుటయు, గడ్డకు కట్టుకట్టుటయు మన పురుషుల పని; పురుడు పోయుట మన స్త్రీల పని. అడపములో కత్తితోపాటు మందుపొట్లమునుకూడ ఉంచుకొని ఇల్లిల్లు తిరిగినవారు మన తాతలు. అట్టివారి సంతతి చర్మమును గుఱించి నాలుగు మాటలు శ్రద్ధగ వినుట ఉచితమే యని తలంచుచున్నాను.

నేను చెప్పదలచిన దానిని ముందుగనే మనవిచేసెదను. చర్మవ్యాధుల విషయమున మన భయము తలక్రిందులుగ నున్నది. అంటని వ్యాధిని చూచి ఆమడదూరము తొలగిపోవుచున్నాము. అంటు వ్యాధిని ఇంటనుంచుకొని ఇరుగుపొరుగులకు పంచిపెట్టుచున్నాము. తొలిదినములలో చూపించిన పూర్తిగ కుదురు వ్యాధిని సిగ్గుచే దాచి, వ్రేళ్లు వంకరపోవు వఱకు తెచ్చుకొనుచున్నాము. ఈ భయమును సరియైన తావున నిలుపవలెనన్న ముందు చర్మమనగా నేమో తెలిసికొనవలెను.

చర్మ నిర్మాణము

శరీరావయవములలో పెద్దది ఏదియని యడిగినచో కాలేయమనియో, ఊపిరితిత్తులనియో పలువురు చెప్పుదురు. నిజమునకు చర్మమే పెద్దది. పెరిగిన మనుష్యుని చర్మమును పఱచిచూచిన సుమారు 2 చదరపు మీటర్లుండును. అనగా ఒక మనుష్యుడు పండుకొను చాపంత. దీని మందము అన్నిచోట్ల నొక్కటి కాదు. పైపొర కనురెప్పమీద మిల్లీమీటరులో ఇరువదవవంతు మాత్రమే. అరికాలిమీద మిల్లీమీటరున్నర వఱకు నుండును. ఒకచోట హానిచేయని మందు మఱియొకచోట పుండు చేయుటకు ఈ భేదమే ముఖ్యకారణము.

సుశ్రుతసంహితయందు చర్మమునకు ఏడు పొరలనియు, చరకసంహితయందు ఆఱు పొరలనియు చెప్పబడినది. సూక్ష్మదర్శని లేని కాలమున మన పూర్వులు చర్మము ఒకే పొర కాదని గుర్తించుట కొనియాడదగినది. నేటి శాస్త్రము దానిని మూడు భాగములుగ విభజించుచున్నది. అవి బాహ్యచర్మము, అంతశ్చర్మము, దాని క్రిందనున్న క్రొవ్వుపొర.

బాహ్యచర్మము ఇటుకలగోడవంటిది. దీని యడుగువరుసలో నిత్యము క్రొత్తకణములు పుట్టుచుండును. అవి క్రింది కణములచే త్రోయబడి క్రమక్రమముగ పైకి వచ్చుచు, కెరటిన్ అను గట్టి పదార్థముతో నిండి, చప్పిడిపడి, చివరకు చనిపోయి, పైన పెంకులవలె పేర్చబడును. ఈ ప్రయాణమునకు సుమారు ఒక నెల పట్టును. అటుపిమ్మట అవి పొట్టుగ రాలిపోవును. స్నానమునాడు నలుగుపిండితో రుద్దినపుడు రాలు మట్టిలో కొంతభాగము మట్టి కాదు, మన చర్మమే. ఈ యిటుకల నడుమ సున్నమువలె ఒక విధమైన క్రొవ్వు పదార్థము కలదు. లోపలి నీరు ఆవిరియై పోకుండను, బయటి క్రిములు లోనికి చొరకుండను కాపాడునది ఈ గోడయే. గట్టి సబ్బుతో పలుమాఱులు కడిగినచో సున్నము కరగి గోడ బీటలువాఱును. చలికాలమున కాళ్లు తెల్లగ పగులుట ఇట్టిదే.

బాహ్యచర్మములో రక్తనాళములు లేవు. కావున కత్తి మిక్కిలి తేలికగ గీచినపుడు రక్తము రాదు. గడ్డము గొఱుగునపుడు సూదిమొనయంత రక్తము కనబడిననుసరే, గోడ దాటి కత్తి లోపలికి పోయినదని అర్థము. ఈ సంగతిని మనమందఱము జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో మఱల పని యున్నది.

అడుగువరుసలోనే అక్కడక్కడ వర్ణకణములుండును. ఇవి మెలనిన్ అను రంగును తయారుచేసి చుట్టుపట్ల కణములకు పంచిపెట్టును. ఆ కణములు ఈ రంగును తమ జీవకేంద్రముపై గొడుగువలె పట్టి, ఎండలోని హానికరమైన కిరణములనుండి తమ్ము కాచుకొనును. నల్లనివానికిని తెల్లనివానికిని వర్ణకణముల సంఖ్య ఇంచుమించు సమానమే. అవి చేయు రంగు యొక్క పరిమాణమునందును, అది పంచబడు విధమునందును మాత్రమే భేదము. కావున నలుపు లోపము కాదు, దేశమునకు తగిన గొడుగు. ఈ గొడుగును తీసివేయుటకై మన యువతీయువకులు అంగడిలో పూతలు కొని ముఖమునకు రుద్దుచుండుట విచారకరము.

అంతశ్చర్మము ఈ గోడకు పునాదియు, పోషకమునై యున్నది. కొల్లాజెన్ అను నారలు పడుగు పేకలవలె అల్లుకొని దీనికి బలము నిచ్చుచున్నవి. తోలుగ పదునుచేయబడునది పశుచర్మములోని యీ భాగమే. రక్తనాళములు, నరముల కొనలు, స్వేదగ్రంథులు, నూనెగ్రంథులు, వెండ్రుకల కుదుళ్లు ఇందున్నవి. స్వేదగ్రంథులు ఒక్కొక్కరికి 20 లక్షలనుండి 40 లక్షల వఱకు నుండును. వైశాఖ జ్యేష్ఠములలో చెమట పోసి ఆఱుటవలననే శరీరము చల్లబడుచున్నది. ఉక్కపోతలో ఈ గ్రంథుల నాళములు మూసుకొనిపోయిన చెమటకాయలు లేచును. నూనెగ్రంథుల నాళములు మూసుకొనిపోయి వాచిన మొటిమలగును. గిల్లిన మచ్చ నిలుచును. అరచేతులందును అరికాళ్లందును వెండ్రుకలు లేవు, నూనెగ్రంథులును లేవు.

వెండ్రుకను గుఱించి మనకు చెప్పవలసిన పని లేదని మీరనవచ్చును. అయినను ఒక్కమాట. వెండ్రుకకు ప్రాణము కుదురునందే కాని పైకి వచ్చిన భాగమున లేదు. అది చనిపోయిన కెరటినే. కావుననే కత్తిరించినపుడు నొప్పి లేదు. గొఱిగినకొలది వెండ్రుక మందముగ మొలచునన్న నమ్మకము దేశమంతట నున్నది. పుట్టువెండ్రుకలు తీయించిన జుట్టు ఒత్తుగ వచ్చునని తల్లులు మనతోడనే చెప్పుదురు. కత్తి తాకునది చచ్చిన భాగమును. కుదురునకు ఆ వార్తయే తెలియదు. పుట్టువెండ్రుక కొన సన్ననిది, కోసినవెండ్రుక కొన మొద్దుబాఱినది. అందుచే చేతికి గరుకుగ తగులును, అంతియే. తలవెండ్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగును. దినమునకు 50 మొదలు 100 వఱకు రాలుట సహజము. మన కుర్చీలో కూర్చుండి దిగులుపడువారికి ఈ సంగతి చెప్పి ఊఱడింపవచ్చును.

క్రిందనున్న క్రొవ్వుపొర శరీరమునకు పఱుపుగను, కంబళిగను ఉపకరించుచున్నది. ఇదిగాక సూర్యరశ్మి సోకినపుడు డి విటమినును తయారుచేయునదియు చర్మమే.

భయపడనవసరము లేని వ్యాధులు

ఇక వ్యాధులలో మొదట బొల్లిని చెప్పెదను. దీనిచే పుండుగాని, నొప్పిగాని సామాన్యముగ కలుగదు. శరీరమును రక్షింపవలసిన శక్తి పొరబడి తన వర్ణకణములనే శత్రువులుగ నెంచి నాశముచేయుటవలన తెల్లమచ్చలు కలుగును. లోకమున నూటికి ఇంచుమించు ఒకరికి ఈ వ్యాధి కలదు. ఇది క్రిమివలన కలుగునది కాదు. కావున తాకినను, కలిసి భుజించినను, ఒకే పక్కమీద పండుకొన్నను అంటదు. దీనిని తెల్లకుష్ఠు అని పిలుచుట చాల అన్యాయము. కుష్ఠునకును దీనికిని ఏ సంబంధమును లేదు. బొల్లిమచ్చయందు స్పర్శజ్ఞానము చక్కగ నుండును. పాలు, చేపలు కలిపి తినుటచే బొల్లి వచ్చునన్న మాటకును ఆధారము లేదు.

ఇంతటి నిరపాయమైన మచ్చ కారణముగ మన యిండ్లలో ఎన్ని సంబంధములు చెడుచున్నవో మీరెఱుగుదురు. వధువునకు మోచేతిపై మచ్చ కనబడిన తాంబూలములు మఱలిపోవును. అక్కకు మచ్చయున్నదని చెల్లెలి పెండ్లికిని ఆటంకము. ఇంతకన్న విచారకరమైనది, అట్టివారు క్షౌరమునకు వచ్చినపుడు మనవారే కొందఱు, ఇతరులు జంకుదురని, కుర్చీ ఖాళీ లేదని పంపివేయుట. వంశపారంపర్యమున కొంత అవకాశమున్న మాట నిజమే. కాని బొల్లి గలవారి బిడ్డలలో ఎక్కువమందికి బొల్లి రాదు. వైద్యముకూడ నున్నది. పూతలును, నియమితమైన అతినీలలోహిత కిరణముల చికిత్సయు, వ్యాధి నిలుకడగ నున్నవారికి చర్మము అతుకు శస్త్రచికిత్సయు పలువురికి మేలుచేయుచున్నవి. తొందరగ మొదలుపెట్టిన మేలు ఎక్కువ.

రెండవది సోరియాసిస్. బాహ్యచర్మ కణము అడుగునుండి పైకి వచ్చుటకు నెల పట్టునని చెప్పితిని. ఈ వ్యాధిలో అది కొలదిదినములలోనే వచ్చివేయును. పక్వముకాని యిటుకలు గుంపుగ పైకి వచ్చుటచే ఎఱ్ఱని మచ్చయు, దానిపై వెండిరంగు పొలుసులును ఏర్పడును. మోచేతులు, మోకాళ్లు, నడుము, తల దీనికి ప్రియమైన తావులు. తలలోని పొలుసులను చుండ్రని తలచి గట్టిగ గీకుట మనవారి అలవాటు. గీకినచోటనే ఇది హెచ్చును. కావున అట్టి తలపై దువ్వెనను మెత్తగ నడుపవలెను. ఇదియు అంటదు.

మూడవది పేనుకొఱుకుడు. తలయందో, గడ్డమునందో రూపాయిబిళ్లంత చోట వెండ్రుకలు రాలి నున్నగ నగును. పేరునుబట్టి దీనిని పేనో, పురుగో కొఱికినదని లోకులు నమ్ముచున్నారు. పేనునకు ఇందు దోషము లేదు. బొల్లిలో వర్ణకణములపై జరిగిన పొరబాటే ఇచట వెండ్రుకల కుదుళ్లపై జరుగుచున్నది. కుదురు చావదు, నిద్రించును. కొలది మచ్చలైనచో ఏడాదిలోపల తిరిగి మొలచుట సామాన్యము. ఆ చోటును గరుకుగుడ్డతో రక్తము వచ్చునట్లు రుద్దుటయు, ఘాటైన పసరులు పూయుటయు మానవలెను. పుండైన కుదురు చచ్చును; చచ్చిన కుదురునుండి వెండ్రుక రాదు. అయితే పిల్లల తలపై పొట్టు రాలుచు, వెండ్రుకలు మధ్యకు విఱిగిన మచ్చ కనబడిన అది పేనుకొఱుకుడు కాదు, తామర, అది అంటును.

నాల్గవది శోభి. మెడ, ఱొమ్ము, వీపు, భుజములందు లేతతెలుపుగనో, గోధుమరంగుగనో సన్ననిపొట్టుతో మచ్చలు వచ్చును. అందఱి చర్మముపైనను సహజముగ నివసించు ఒక బూజు, చెమటయు నూనెయు మిక్కుటమైనపుడు హెచ్చుటచే నిది కలుగును. దీనిని బొల్లియని భ్రమించి కుములువారు కలరు. వైద్యునికి చూపిన కొలదివారములలో బూజు నశించును. రంగు మఱల వచ్చుటకు మాత్రము కొన్ని మాసములు పట్టును.

భయపడవలసియుండి పడని వ్యాధులు

గజ్జిని మనము నవ్వులాటగ చెప్పుకొందుము. నిజమునకు నిది ఇల్లంతటిని పట్టు వ్యాధి. మిల్లీమీటరులో మూడవవంతు పొడవుగల ఒక చిన్న పురుగు బాహ్యచర్మమున సొరంగములు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. వ్రేళ్ల సందులు, మణికట్టు, బొడ్డుచుట్టు, చంకలు, మర్మాంగములు దీని నివాసములు. దురద రాత్రివేళ మిక్కుటమగును. 1687వ సంవత్సరమున ఇటలీదేశపు పండితులు బొనోమో, చెస్టోనీ అనువారు ఈ పురుగును సూక్ష్మదర్శనితో చూచి గజ్జికి కారణమని తెలియజేసిరి. ఒక వ్యాధికి ఒక సూక్ష్మప్రాణిని కారణముగ చూపుట వైద్యచరిత్రయందు అదియే మొదటిసారి యని చెప్పుదురు.

పురుగు చొచ్చిన పిమ్మట మొదటిసారి దురద పుట్టుటకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. అంతవఱకు మనుష్యుడు ఏమియు తెలియకయే ఇతరుల కంటించును. అందుచే దురద గలవానికి మాత్రమే మందు పూసిన గజ్జి పోదు. ఇంటనున్న వారందఱును, దురద యున్నను లేకున్నను, ఒకే రాత్రి పూసికొనవలెను. పెర్మిత్రిన్ అను పూతను మెడనుండి అరికాళ్లవఱకు, గోళ్లక్రిందను, వ్రేళ్లసందులను విడువక పూసి, రాత్రియంతయు ఉంచి ఉదయమున స్నానము చేయవలెను. వారము తర్వాత మఱల నొకసారి. పసిపిల్లలకును గర్భిణులకును వైద్యుని యడిగి పూయవలెను. ఆ దినమున పక్కబట్టలు, తువ్వాళ్లు వేడినీట ఉదికి ఎండవేయవలెను. పురుగు చచ్చిన పిమ్మటకూడ దురద రెండు మూడు వారములుండవచ్చును. దానిని చూచి మందు పని చేయలేదని మాటిమాటికి పూయరాదు.

తామరను గుఱించి కొంత విస్తరముగ చెప్పవలెను. నేడు మన దేశమునకు కలిగిన పెద్ద ఉపద్రవములలో నిదియొకటి. ఇది పురుగు కాదు, బూజు. మన పై పొరయందలి కెరటినే దీనికి ఆహారము. ఒకచోట మొదలై చుట్టును తిని ప్రాకుటచే అంచు ఎఱ్ఱగ లేచి, నడుమ మానినట్లు కనబడి, ఉంగరమువలె నుండును. గజ్జలు, నడుము, తొడలు, చంకలు, అనగా చెమట నిలుచు తావులు దీనికి ఇష్టము. బిగువైన బట్టలును, తడియాఱని లోదుస్తులును దీనికి తోడ్పడును. తువ్వాలు, దుప్పటి, దువ్వెన, క్షౌరపు యంత్రము దీనిని ఒకరినుండి ఒకరికి చేర్చును.

ముప్పది నలువది యేండ్లక్రితము సామాన్యమైన పూతతో కొలదివారములలో మానెడి తామర నేడు మాసములతరబడి పోరు పెట్టుచున్నది. కారణమేమి? అంగడిలో చీటి లేకయే దొరకు మిశ్రమపు పూతలలో బూజును చంపు మందుతోపాటు తీవ్రమైన స్టెరాయిడు కూడ కలిసియున్నది. స్టెరాయిడు దురదను, ఎఱుపును ఒక్క రాత్రిలో అణచును. రోగి సంతోషించి మానివేయును. కాని స్టెరాయిడు అణచినది శరీరముయొక్క పోరాటమును మాత్రమే. కావలివానిని నిద్రపుచ్చి దొంగకు తలుపు తీసినట్లు, బూజు నిశ్శబ్దముగ ప్రాకి, మందు మానగానే రెండింతలై లేచును. మఱల పూత, మఱల ఊఱట, మఱల విజృంభణము. ఇట్లు పూయగా పూయగా చర్మము పలుచనై, తొడలయందు చీలినట్టి చారలు పడును, అవి మాయవు. 2018వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము పెక్కు స్టెరాయిడు పూతలను వైద్యుని చీటి లేక అమ్మరాదని నియమించినది. నియమము పుస్తకమందున్నది; పూత అంగడియం దున్నది.

ఇది చాలదన్నట్లు, సామాన్యపు మందులకు లొంగని క్రొత్తజాతి బూజు బయలుదేఱినది. 2020లో దానికి పండితులు ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరిడిరి. మన దేశముపేరు ఆ పేరునందే యిమిడియున్నది. ఇట్టి కీర్తి మనకు వలదు.

మన దుకాణములలో ముఖమునకు నిగారింపు తెచ్చునని పూయు కొన్ని పూతలయందును ఈ స్టెరాయిడే యుండును. మొదట తెలుపు, పిదప ఎఱుపు, మొటిమలు, స్త్రీలకు ముఖమున రోమములు, ఎండకు మంట. అమ్మినవారు లాభము పొంది పోవుదురు; ముఖము మాత్రము పూసికొన్నవారిది. అయితే స్టెరాయిడు స్వతహాగ చెడ్డమందు కాదని తెలియవలెను. వైద్యుడు తగిన వ్యాధికి, తగినచోట, తగినన్ని దినములు వాడించిన అది అమృతతుల్యము. వ్యాధి పేరు తెలియకుండ పూత పూయుటయే దోషము.

పులిపిరులును అంటునవే, అవి వైరసువలన కలుగును. గడ్డమున పులిపిరి యుండగా దానిపై కత్తి నడపిన ఆ వైరసు కత్తి పోయిన దారిపొడవున నాటుకొని, నెలలు గడచునప్పటికి వరుసగ మొలచును. పులిపిరిని కోసి తీయుమని యడుగువారిని వైద్యునికడకు పంపవలెను. సెగగడ్డలయందు చీమును పుట్టించు క్రిములుండును. ముక్కుచుట్టును, పై పెదవిమీదను లేచిన గడ్డను పిండరాదు. అచటి రక్తనాళములకు తలలోపలి నాళములతో సంబంధము గలదు గనుక అపాయకరము.

దాచరాని వ్యాధి

ఇక కుష్ఠు. ఈ పేరు చెప్పగానే సభలో కొందఱు ముఖములు ముడుచుకొనుట చూచుచున్నాను. ఈ భయమునకు కాలము చెల్లినది. 1873లో నార్వేదేశమున హాన్సెన్ అను వైద్యుడు ఈ వ్యాధికి కారణమైన క్రిమిని కనుగొనెను. అంతవఱకు పూర్వజన్మపాపమనియు, వంశదోషమనియు తలచిన వ్యాధి ఆనాటినుండి తక్కిన వ్యాధులవంటిదే యైనది. తెలుగునాట డిచ్‌పల్లి, సాలూరు మున్నగు తావులందు దీనికై ప్రత్యేక వైద్యశాలలు వెలసెను. 1981లో ప్రపంచారోగ్యసంస్థ పెక్కు మందులను కలిపి యిచ్చు చికిత్సను సూచించెను. వ్యాధి తీవ్రతను బట్టి ఆఱు మాసములో, పండ్రెండు మాసములో మందు పుచ్చుకొన్న కుష్ఠు పూర్తిగ కుదురును. ఈ మందు ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితము. మందు మొదలిడిన కొలదికాలములోనే అంటించు శక్తి పోవును. మనుష్యులలో అత్యధికులకు ఈ క్రిమిని ఎదిరించు శక్తి పుట్టుకతోడనే యుండుటచే, దీర్ఘకాలము దగ్గఱ మెలగినగాని అంటదు.

2005 సంవత్సరాంతమునకు దేశమంతటిమీద పదివేలమందికి ఒకరికన్న తక్కువగ వ్యాధి తగ్గినది. తగ్గినది కాని పోలేదు. లోకమున ఏటేట కనబడు క్రొత్త రోగులలో సగముకన్న ఎక్కువమంది ఇప్పటికిని మన దేశమువారే. వీరిలో అంగవైకల్యము పొందువారు ఆలస్యముగ వచ్చినవారే. ఆలస్యమునకు కారణము సిగ్గు.

ఇచటనే మన కులము లోకమునకు గొప్ప ఉపకారము చేయగలదు. చర్మమురంగుకన్న లేతగనో, రాగిరంగుగనో మచ్చ. దురద లేదు, నొప్పి లేదు, తాకినచో తెలియదు, అచట చెమట పట్టదు. ఇది కుష్ఠునకు తొలి గుఱుతు. చెవితమ్మెలు మందమగుట, కనుబొమల వెండ్రుకలు బయటికొననుండి రాలుట మఱికొన్ని గుఱుతులు. తన మెడవెనుక మచ్చను ఎవడును తాను చూచుకొనలేడు. అది మొదట కనబడునది మన కంటికే. చూచినపుడు నలుగురు వినునట్లు పలుకక, పేరెత్తక, "అన్నా, ఈ మచ్చను ఒకసారి ప్రభుత్వాసుపత్రిలో చూపించుకొనుము" అని మెల్లగ చెప్పిన చాలును. ఆ యొక్కమాటవలన ఒకని చేతివ్రేళ్లు నిలుచును.

1898 నాటి కుష్ఠురోగుల చట్టము 2016లో రద్దయినది. కుష్ఠును కారణముగ చూపి విడాకులు కోరు వీలును 2019 నాటి చట్టము తొలగించినది. చట్టములు మాఱినవి, మన మనస్సులు మాఱవలసియున్నవి.

మన వృత్తియందు పాటింపవలసినవి

గోడ దాటిన కత్తిని గుఱించి మఱల వచ్చెదనంటిని. కంటికి కనబడని గీత చాలును, ఒకరి రక్తము మఱియొకరి శరీరమున ప్రవేశించుటకు. హెపటైటిస్ బి అను కామెర్ల వైరసు ఆఱిన రక్తమున ఏడు దినములవఱకు జీవింపగలదు. హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. వైరసులకును ఇదియే మార్గము. కావున ఒకరికి వాడిన బ్లేడు రెండవవానికి వాడరాదు. వచ్చినవాని కన్నులయెదుట పొట్లము విప్పి క్రొత్త బ్లేడు వేయుట మన గౌరవమును పెంచునే కాని తగ్గింపదు. పాతబ్లేడును సగము విఱిచి వీథిలో పాఱవేయక గట్టి డబ్బాలో వేయవలెను.

పటికబిళ్లను గుఱించి చెప్పిన మీకు నచ్చకపోవచ్చును. ఒకే బిళ్లను దినమంతయు పదిమంది గడ్డములపై రుద్దుట, ఒకే బ్లేడు వాడుటకు తమ్ముడువంటిది. పటికను పొడిచేసి, నీట కలిపి, దూదితో అద్ది, ఆ దూదిని పాఱవేయుడు. తువ్వాలు ఒక్కొక్కరికి వేఱుగ నుండవలెను. దువ్వెనలను, కుంచెలను సబ్బునీట కడిగి ఆఱబెట్టవలెను. కత్తెరలను, ఉక్కుపనిముట్లను దినాంతమున ఇరువది నిమిషములు మరుగునీట నుంచవలెను.

మన చేతులును చర్మమే. దినమంతయు నీరు, నురుగు, రంగులు తగులుటచే వ్రేళ్లసందుల చర్మము పగిలి, దురదపెట్టి, రసికాఱుట మనలో పలువురి కున్నది. తలరంగులోని పారాఫెనిలిన్ డయమీన్ అను పదార్థము కొందఱికి పడదు. వచ్చినవారికి ముఖము వాయును, వేసినవారికి చేతులు చెడును. రంగు వేయుటకు 48 గంటలముందు చెవివెనుక చుక్కంత పూసి చూడుడు. మన చేతులకు తొడుగులు వేసికొనుడు. పని ముగియగానే కొబ్బరినూనెగాని, వాసెలినుగాని రాసికొనుడు.

హెపటైటిస్ బికి టీకా యున్నది. 1997లో హైదరాబాదునందలి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ దానిని మన దేశమున తయారుచేసి విడుదలచేయగా, అంతవఱకు సామాన్యులకు అందని టీకా వెల బాగుగ తగ్గినది. ఆఱు మాసములలో మూడుసార్లు పొడిపించుకొనవలెను. కత్తిపట్టు ప్రతి యువకునకు ఇది పనిముట్లకన్న ముందు సమకూర్చవలసిన సాధనము.

మనవి

ఈ మహాసభవారికి నావి మూడు ప్రార్థనలు. సంఘమువారు ఏటేట జరుపు సభలకు అనుబంధముగ ప్రతి మండలకేంద్రమునందు ఒకదినము టీకా వేయించు ఏర్పాటు చేయవలెను. వృత్తి నేర్చుకొను పిల్లలకు కత్తి పట్టుట నేర్పు పెద్దలు, తామర, గజ్జి, బొల్లి, కుష్ఠు మచ్చలను వేఱుపఱచి గుర్తించుటనుకూడ నేర్పవలెను. బొల్లి మచ్చ యున్నదను కారణముచే ఏ యింటను సంబంధము వదలుకొనరాదనియు, ఏ దుకాణమునను కుర్చీ నిరాకరింపరాదనియు ఈ సభ యేకగ్రీవముగ తీర్మానింపవలెను. మొదటి రెండింటికి కొంత ధనము కావలెను. మూడవదానికి ధైర్యము చాలును.

ఒకప్పుడు మనలను తాకుటకు జంకినవారే తల వంచి మన కత్తిక్రింద కూర్చుండిరి. అంటు, ముట్టు అనువాని బాధ ఎట్టిదో ఎఱిగిన మనము, ఏ దోషమును లేని మచ్చను చూచి సాటిమనుష్యుని దూరముగ నుంచుట తగదు. దేనికి భయపడవలెనో దానికి భయపడుదము. దేనికి భయపడనవసరము లేదో దానిని చేతితో తాకుదము. 

స్వస్తి.